పాత స్టీరియోలో ప్రీయాంప్‌ను మీరే బాగుచేసుకోవడం ఎలా?

వాల్యూమ్ నాబ్ తిప్పగానే కరకర. కుడి స్పీకరు ఒకరోజు పాడుతుంది, మరునాడు మూగనోము పడుతుంది. పెట్టె మీద అరచేత్తో ఒకటి తడితే మళ్లీ పలుకుతుంది. ఇరవై ముప్ఫై ఏళ్ల నాటి స్టీరియో ఇంట్లో ఉన్నవారికి ఈ తంతు కొత్త కాదు. బాగుచేసే దుకాణానికి తీసుకువెళితే సాధారణంగా వినిపించే మాటలు రెండే: ‘ఐసీ పోయింది’, ‘బోర్డు మొత్తం మార్చాలి’. నేను ఇన్నేళ్లలో విప్పిన పెట్టెల్లో నిజంగా ఐసీ, అంటే బోర్డు మీది నల్లటి చిప్పు, పోయినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మిగిలినవాటిలో దోషం దుమ్ముది, చిలుముది, పగిలిన టంకానిది, ఎండిపోయిన కండెన్సర్లది. అందుకే ఈ పనులు వరుస తప్పకుండా చేయండి. ఖర్చు లేనివి ముందు, చిల్లర ఖర్చువి తర్వాత, బోర్డు మార్పు అన్నిటికన్నా చివర.

ప్రీయాంప్ చేసే పని చిన్నదే. సీడీ ప్లేయరు, ఫోను, రేడియో వంటివి పంపే సంకేతాల్లో మీరు కోరినదాన్ని ఎంచుకుంటుంది, బాస్ ట్రెబుల్ సవరిస్తుంది, వాల్యూమ్ మేరకు తగ్గించో పెంచో పవర్ యాంప్‌కు అందిస్తుంది. స్పీకర్లను మోగించే బరువు పని పవర్ యాంప్‌ది. ఇంట్లో వాడే పెట్టెల్లో చాలావరకు ఈ రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి. కాబట్టి దోషం ఏ సగంలో ఉందో తేల్చకుండా సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గులో పెట్టకండి.

దోషం ఎక్కడో తేల్చుకోవడం

అన్నిటికన్నా ముందు ముఖం మీది బటన్లు చూడండి. పాత పెట్టెల్లో ‘టేప్ మానిటర్’ అని ఒక బటన్ ఉంటుంది. అది పొరపాటున లోపలికి నొక్కి ఉంటే, క్యాసెట్ డెక్ తగిలించని పెట్టె అసలు పలకదు. దుమ్ము తుడుస్తూ ఎవరో దాన్ని నొక్కేయడం, యాంప్లిఫయర్ చచ్చిపోయిందని ఇల్లంతా అనుకోవడం నేను ఒకటికి రెండుసార్లు చూశాను.

ఒక పక్క మాత్రమే పలకకపోతే ఎడమ కుడి మార్చి చూడటమే పరీక్ష. ప్రతిసారీ కరెంటు ఆపి మార్చండి. ముందు స్పీకరు వైర్లు అటుది ఇటు, ఇటుది అటు పెట్టండి. మునుపటి స్పీకరే మూగగా ఉండిపోతే దోషం స్పీకరుది లేదా దాని వైరుది. మూగతనం రెండో స్పీకరుకు మారితే ఆ రెంటికీ దోషం లేదు, వైర్లు ఎప్పటిలా పెట్టేయండి. తర్వాత వెనకవైపు ఇన్‌పుట్ ప్లగ్గులు, ఎర్రది తెల్లది, మార్చండి. మూగతనం కూడా పక్క మారిందా? అయితే ప్లేయరునో దాని తీగనో అనుమానించాలి. మారలేదా? ఇక పెట్టె లోపలే.

ఇప్పుడు పెట్టె వెనక ‘ప్రీ అవుట్’, ‘మెయిన్ ఇన్’ అని రాసి, ఆ రెంటినీ కలుపుతూ యూ ఆకారపు లోహపు క్లిప్పులు ఉన్నాయేమో చూడండి. ఉంటే మీకు అదృష్టమే. క్లిప్పులు లాగేసి, మామూలు ఆడియో తీగలతో ఎడమ ప్రీ అవుట్‌ను కుడి మెయిన్ ఇన్‌కు, కుడిదాన్ని ఎడమకు కలపండి. మూగతనం పక్క మారితే దోషి ప్రీయాంప్. మారకపోతే పవర్ యాంప్, దాని సంగతి వేరు.

ఈ క్లిప్పుల దగ్గర నా పరువు ఒకసారి పోయింది. ఒక పెట్టె ఎడమ పక్క పలకడం లేదని రెండు ఆదివారాలు దాని ముందు కూర్చుని, కండెన్సర్లు మార్చి, ఐసీ కూడా మార్చాను. మూడో ఆదివారం క్లిప్పు బయటికి లాగితే దాని కాళ్లు కాటుకలా నల్లగా ఉన్నాయి. పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ గుచ్చగానే పాట వచ్చింది. అప్పటినుంచి ఏ పెట్టె వచ్చినా మొదట రుద్దేది వాటినే. క్లిప్పులే ఊడి ఎక్కడో పడిపోయి, ‘రెండు పక్కలా పలకడం లేదు’ అంటూ వచ్చే పెట్టెలు కూడా ఉంటాయి.

మూత విప్పే ముందు

స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గు గోడ నుంచి పీకేయండి. పవర్ సప్లైలోని పెద్ద ఫిల్టర్ కండెన్సర్లు ప్లగ్గు పీకాక కూడా చార్జీ పట్టుకుని ఉంటాయి. 100 ఓములు, 5 వాట్ల రెసిస్టరును రెండు కాళ్ల మధ్య కొన్ని క్షణాలు ఆనించి, మల్టీమీటరుతో వోల్టేజీ చూసి, ఒకటి రెండు వోల్టులకు దిగాకే చేయి పెట్టండి. స్క్రూడ్రైవరుతో టప్పున షార్ట్ చేయడం మెకానిక్కుల అలవాటు. అది చూడటానికి బాగుంటుంది, కండెన్సరుకూ బోర్డుకూ మంచిది కాదు. లోపల గాజు గొట్టాల్లాంటి వాల్వులు కనిపిస్తే మూత తిరిగి బిగించేయండి. వాటిలో వందల వోల్టులు ఉంటాయి, అవి చేయి తిరిగినవారి పని.

కావలసినవి: మల్టీమీటరు, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, మంచి సోల్డర్ తీగ, సోల్డర్ పీల్చే పంపు, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, ఒక వెదురు పుల్ల. వీటితోపాటు సీరీస్ బల్బు బోర్డు ఒకటి కట్టుకోండి. పెట్టెకు వెళ్లే కరెంటు 60 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బు గుండా వెళ్లేలా చేయడమే ఆ ఏర్పాటు. ఆన్ చేయగానే బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే అంతా సవ్యం. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల ఎక్కడో షార్ట్ ఉంది, కానీ ఏదీ కాలిపోకముందే మీకు తెలిసింది. ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు.

ఏ వైరు ఊడదీసినా ముందు ఫోనుతో ఫొటో తీయండి. గుర్తుంటుందిలే అని అనిపిస్తుంది. ఉండదు.

కరకరకు మందు

వాల్యూమ్, బ్యాలెన్స్, బాస్, ట్రెబుల్ నాబుల వెనక ఉండేవాటిని మనవాళ్లు కంట్రోళ్లు అంటారు. ప్రతిదాని లోపల ఒక నల్లటి కార్బన్ బాట, దాని మీద జారే ఒక లోహపు వేలు ఉంటాయి. బాట మీద దుమ్ము, వేలి మీద చిలుము పట్టినప్పుడు మీకు వినిపించేదే ఆ కరకర. కంట్రోలు కాళ్లు బయటికి వచ్చే చోట సన్నని సందు ఉంటుంది. స్ప్రే గొట్టాన్ని ఆ సందులో పెట్టి ఒక్కసారి నొక్కండి. ఈ చివర నుంచి ఆ చివర దాకా ముప్ఫై నలభైసార్లు తిప్పండి. తిప్పుతుంటే మొదట గరుకుగా తగిలిన నాబ్ క్రమంగా నున్నగా తిరగడం వేళ్లకే తెలుస్తుంది. పావుగంట ఆరనిచ్చి అప్పుడు కరెంటు ఇవ్వండి. సెలెక్టర్ స్విచ్చికీ, నొక్కే బటన్లన్నిటికీ ఇదే వైద్యం. తలుపు బందులకు, సైకిల్ చైనుకు కొట్టే తుప్పు స్ప్రే మాత్రం వాడకండి. అది వదిలే నూనె పొర ఏడాది తిరిగేలోగా ఇంకా ఎక్కువ దుమ్మును పోగేస్తుంది.

శుభ్రం చేసినా కరకర పోలేదా? వెంటనే కంట్రోలు మార్చకండి. మల్టీమీటరును డీసీ మిల్లీవోల్టుల మీద పెట్టి, నల్ల ప్రోబు ఎర్త్‌కు, ఎర్ర ప్రోబు కంట్రోలు కాళ్లకు తాకించి చూడండి. అక్కడ సున్నా ఉండాలి. పదుల మిల్లీవోల్టులు కనిపిస్తే తప్పు కంట్రోలుది కాదు, దానికి ముందు, డీసీని ఆపి పాటనే పంపాల్సిన కప్లింగ్ కండెన్సరు డీసీని కార్చుతోంది. ఆ ఒక్క కండెన్సరు మారిస్తే కరకర పోతుంది. ఈ ఒక్క కొలత తీయకపోవడం వల్ల ఎన్ని మంచి కంట్రోళ్లు చెత్తబుట్ట పాలయ్యాయో!

నిజంగానే కంట్రోలు అరిగిపోతే కొత్తది కొనేటప్పుడు విలువతో పాటు రకం కూడా చూడాలి. వాల్యూమ్‌కు లాగ్ రకం (మొదట మెల్లగా, చివర్లో వేగంగా పెరిగేది) కావాలి, లీనియర్ (తిప్పినంత మేరకు సమానంగా పెరిగేది) కాదు. ఆసియాలో తయారైనవాటి మీద విలువ పక్కన ‘ఎ’ అక్షరం ఉంటే లాగ్, ‘బి’ ఉంటే లీనియర్. పాత యూరప్ సరుకులో ఇది తారుమారు. అక్షరాన్ని నమ్మేకన్నా మీటరును నమ్మండి. 50 కిలో ఓముల కంట్రోలును సగానికి తిప్పి, ఎర్త్ వైపు కాలికీ మధ్య కాలికీ మధ్య కొలిస్తే లీనియర్‌లో 25 కిలో ఓములు ఉంటుంది, లాగ్‌లో 5 నుంచి 10 దాకానే. వాల్యూమ్‌కు లీనియర్ పెడితే నాబ్ కొంచెం తిప్పగానే ఇల్లు దద్దరిల్లుతుంది, ఆపై ఎంత తిప్పినా పెద్ద తేడా ఉండదు.

పగిలిన టంకం

తడితే పలికే పెట్టెలో మొదటి అనుమానం డ్రై సోల్డర్, అంటే పగిలిన టంకం, మీదే. వెనక ఇన్‌పుట్ సాకెట్లు, కంట్రోలు కాళ్లు, వోల్టేజీని స్థిరంగా ఉంచుతూ వేడెక్కే రెగ్యులేటర్ల కాళ్లు, ఈ మూడు చోట్లా టంకం ఎక్కువగా పగులుతుంది. తీగ గుచ్చినప్పుడు, నాబ్ తిప్పినప్పుడు బరువు పడేది అక్కడే. భూతద్దంతో చూస్తే కాలి చుట్టూ వెంట్రుక మందాన నల్లటి వలయం కనిపిస్తుంది. కనిపించకపోతే తక్కువ వాల్యూమ్‌లో పాట పెట్టి, వెదురు పుల్లతో బోర్డు మీద ఒక్కో చోటా మెల్లగా తట్టండి. 230 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ వైపు పోకండి. ఎక్కడ తడితే పాట తెగి అతుకుతోందో అక్కడే పగులు. ప్లగ్గు పీకి, పాత టంకాన్ని పంపుతో లాగేసి కొత్తది వేయండి. ఐరన్ మొన కాలికీ రాగి పూతకూ ఒకేసారి ఆనాలి, రెండు మూడు క్షణాలకు మించకూడదు. చల్లారాక టంకం మెరుస్తూ, కాలి మీదికి వాలుగా ఎక్కి ఉండాలి. పూసలా గుండ్రంగా నిలబడితే అది అంటుకోలేదు.

హమ్మింగ్ వస్తుంటే

మన కరెంటు 50 హెర్ట్జ్. తీగల నుంచి, ఎర్త్ గొలుసు నుంచి వచ్చే హమ్మింగ్ ఆ లోతైన 50 హెర్ట్జ్‌లో ఉంటుంది. ఫిల్టర్ కండెన్సర్లు నీరసిస్తే వచ్చేది 100 హెర్ట్జ్, కొంచెం గరుకుగా, తుమ్మెద రొదలా ఉంటుంది. చెవితో తేల్చలేకపోతే ఫోనులో ధ్వని తరంగాలు చూపే యాప్ పెట్టుకోండి.

తర్వాత వాల్యూమ్ పూర్తిగా తగ్గించండి. హమ్మింగ్ కూడా తగ్గితే అది వాల్యూమ్ కంట్రోలుకు ముందు చేరుతోంది. తగ్గకపోతే తర్వాత చేరుతోంది లేదా పవర్ సప్లైది. ఒక్క ఇన్‌పుట్‌లోనే వస్తే తీగ మార్చి చూడండి. టీవీని తగిలించినప్పుడే వస్తుంటే కేబుల్ కనెక్షన్ ఊడదీసి చూడండి. ఆగిపోతే రెండు వైపుల నుంచి ఎర్త్ వచ్చి గొలుసు కట్టిందన్నమాట. ఆ బాధతో మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను కోసేవారున్నారు. హమ్మింగ్ పోతుంది, కానీ ఏదో ఒకరోజు పెట్టె లోహం ముట్టుకున్నవారికి షాకు తగులుతుంది. ఆ పని చేయకండి.

పవర్ సప్లైని ఐసీ దగ్గరే కొలవండి. సంకేతాన్ని పెంచే ఆపాంపులు రెండున్న ఎనిమిది కాళ్ల ఐసీ అయితే 8వ కాలి మీద ప్లస్, 4వ కాలి మీద మైనస్, సాధారణంగా 12 లేదా 15 వోల్టుల చొప్పున ఉంటాయి. ఒకటి ఉండి ఒకటి లేకపోతే రెగ్యులేటరు చూడండి. ఇక్కడ చాలామంది దెబ్బతింటారు: ప్లస్ 15 వోల్టుల 7815, మైనస్ 15 వోల్టుల 7915 రెగ్యులేటర్లు చూడటానికి కవలల్లా ఉన్నా కాళ్ల వరుస వేరు. అక్షరాల వైపు చూస్తూ ఎడమ నుంచి 7815కు ఇన్‌పుట్, ఎర్త్, అవుట్‌పుట్. 7915కు ఎర్త్, ఇన్‌పుట్, అవుట్‌పుట్. వెనక ఉన్న లోహపు రేకు కూడా ఒకదానికి ఎర్త్, రెండోదానికి ఇన్‌పుట్. రెంటినీ, కరెంటు పారనివ్వని మైకా రేకు లేకుండా, వేడి లాగే ఒకే హీట్‌సింక్‌కు బిగిస్తే షార్టే.

కండెన్సర్లు, ఐసీలు

కొత్త కండెన్సరు విలువ పాతదే ఉండాలి, వోల్టేజీ పాతదో అంతకన్నా ఎక్కువో ఉండాలి, వేడి తట్టుకునే రేటింగ్ 105 డిగ్రీలది తీసుకోండి. ఫిల్టర్ కండెన్సర్ల విలువ కాస్త పెంచినా ఫరవాలేదు. ఒకటి తీసి, అక్కడ కొత్తది పెట్టి, అప్పుడు రెండోది ముట్టుకోండి. కండెన్సరు ఒంటి మీద చార ఉన్నది మైనస్ కాలు. బోర్డు మీద మాత్రం కొందరు ప్లస్ గుర్తు వేస్తారు, కొందరు మైనస్ వైపు నలుపు పూస్తారు. కాబట్టి పాతది ఎటు ఉందో చూసి పెట్టండి. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీ, చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్పీ రోడ్డు ఈ సరుకుకు పేరున్న చోట్లు. పాత పార్టు జేబులో వేసుకుని వెళ్లండి. తయారీదారు పేరు లేని కండెన్సరు ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

ఐసీ పోయిందో లేదో చెప్పేవి 1, 7 కాళ్లు. సంకేతం బయటికొచ్చే కాళ్లు అవే. ప్లస్, మైనస్ రెండు వోల్టేజీలున్న సర్క్యూట్‌లో పాట లేనప్పుడు అక్కడ డీసీ దాదాపు సున్నా ఉండాలి. 12, 13 వోల్టులు అతుక్కుని ఉంటే, చుట్టూ రెసిస్టర్లు సరిగా ఉన్నాయని చూసుకున్నాక ఐసీ మార్చవచ్చు. నేరుగా టంకం వేయకుండా ముందు సాకెట్ వేయండి. ఐసీ గంటు సాకెట్ గంటు ఒకే వైపు ఉండాలి.

పాత 4558 ఐసీ తీసి ఎన్‌ఈ5532 ఐసీ వేస్తే పాట మారిపోతుందని అంటారు. 5532లో సొంత రొద తక్కువన్నది నిజమే. అయితే అది కరెంటు రెట్టింపుకు పైగా తీసుకుంటుంది. దాని ఇన్‌పుట్ కాళ్ల నుంచి పారే కొద్దిపాటి కరెంటు, మధ్యలో కండెన్సరు లేకుండా వాల్యూమ్ కంట్రోలుకు చేరితే, మీరు కష్టపడి వదిలించిన కరకర మళ్లీ మొదలవుతుంది. ఐసీ కాళ్లకు దగ్గరగా 0.1 మైక్రోఫారడ్ కండెన్సర్లు లేని బోర్డులో అది చెవికి వినిపించని ఈలలు వేసి వేడెక్కుతుంది కూడా. కంట్రోలు తర్వాత నేరుగా వచ్చే చోట టీఎల్072 ఐసీ నయం. పెట్టెలో ఉన్నది బాగా పాడుతుంటే నేను ఏదీ మార్చను.

బోర్డే మార్చాల్సి వస్తే

రాగి పూత కాలి లేచిపోతేనో, పాత ఐసీ ఎక్కడా దొరకకపోతేనో బజారులో దొరికే బాస్ ట్రెబుల్ బోర్డు వేసుకోవచ్చు. అలాంటివాటిలో ఎక్కువ భాగం బ్రిటిష్ ఇంజనీరు పీటర్ బాక్సాండల్ 1952లో ప్రచురించిన టోన్ సర్క్యూట్ పిల్లలే. అమ్మేవాళ్లు ‘గెయిన్ ఎక్కువ’ అని గొప్పగా చెబితే మీరు తక్కువది అడగండి. సీడీ ప్లేయరు గరిష్ఠంగా 2 వోల్టులు ఇస్తుంది. చాలా పవర్ యాంపులు ఒక వోల్టు అటూ ఇటూగా పూర్తి శక్తికి చేరతాయి. దాన్ని మరో పదింతలు పెంచితే మిగిలేది రొద, అంగుళం కూడా తిప్పలేని వాల్యూమ్.

కరెంటుకు 15-0-15 ట్రాన్స్‌ఫార్మర్ అయితే రెక్టిఫై అయ్యాక, అంటే ఏసీ డీసీగా మారాక, ఒక్కో వైపు 20 వోల్టులు వస్తాయి, 7815, 7915 రెగ్యులేటర్లకు సరిపోతుంది. ఫిల్టర్ కండెన్సర్లు 25 వోల్టులవి కాదు, 35 వోల్టులవి వేయండి. రాత్రిపూట మన లైన్లో వోల్టేజీ ఎగబాకిన రోజున తేడా తెలుస్తుంది. సంకేతం వెళ్లే వైర్లన్నీ షీల్డ్ వైర్లే కావాలి, షీల్డును ఒక చివర మాత్రమే ఎర్త్‌కు కలపాలి. ఎర్త్ వైర్లన్నీ ఫిల్టర్ కండెన్సర్ల మధ్య బిందువు దగ్గర ఒకేచోట కలవాలి. ట్రాన్స్‌ఫార్మర్‌ను వెంటనే బిగించేయకండి. బోర్డుకు వీలైనంత దూరంగా పెట్టి, ప్రతిసారీ కరెంటు ఆపి కొంచెం కొంచెం తిప్పుతూ, హమ్మింగ్ ఎక్కడ బాగా తగ్గుతుందో వెతకండి. ఒక కోణంలో అది ఉన్నట్టుండి అడుగంటుతుంది. స్క్రూలు అక్కడ బిగించండి.

రికార్డు ప్లేయరు ఉన్నవారికి ఒక మాట. మూవింగ్ మాగ్నెట్ సూది ఇచ్చేది సుమారు 5 మిల్లీవోల్టులే. పైగా రికార్డు కోసేటప్పుడే బాస్ తగ్గించి ట్రెబుల్ పెంచుతారు, 1954 నుంచి దానికి ఆర్ఐఏఏ అనే ఒకే లెక్క నడుస్తోంది. ఆ లెక్కను తిరగవేసే ఫోనో దశ మామూలు బోర్డులో ఉండదు. నేరుగా మామూలు ఆక్స్ ఇన్‌పుట్‌లో గుచ్చితే గంటసాల గొంతు కూడా దోమ పాటలా వస్తుంది. విడిగా ఫోనో బోర్డు వేసుకోండి, ప్లేయరు నుంచి వచ్చే సన్నని ఎర్త్ వైరును మరచిపోకండి.

మూత బిగించే ముందు

మొదటిసారి సీరీస్ బల్బు మీదే ఆన్ చేయండి. బల్బు మసకబారాక ప్రీయాంప్ అవుట్‌పుట్ మీద డీసీ కొలవండి. కొన్ని మిల్లీవోల్టులు ఉంటే సరే. వోల్టుల్లో ఉంటే స్పీకర్లు తగిలించకండి, అవుట్‌పుట్ కండెన్సరు తిరగబడిందేమో చూడండి. అంతా బాగుంటే ముందు పోయినా బాధ లేని పాత స్పీకరుతో వినండి. రెండు గంటలు పాడనిచ్చి, ప్లగ్గు పీకి, ఐసీలనూ రెగ్యులేటర్లనూ వేలితో తాకండి. గోరువెచ్చగా ఉండవచ్చు, వేలు పెట్టలేనంత వేడి ఉండకూడదు. ప్రీయాంప్, పవర్ యాంప్ వేర్వేరు డబ్బాలైతే ఆన్ చేసేటప్పుడు ప్రీయాంప్ ముందు, ఆపేటప్పుడు పవర్ యాంప్ ముందు. లేదంటే స్పీకర్లలో దబ్బుమని మోత వస్తుంది.

ఏ తేదీన ఏ పార్టు మార్చారో, పాత విలువ ఎంతో ఒక చీటీ మీద రాసి మూత లోపలివైపు అంటించి, అప్పుడు స్క్రూలు బిగించండి.